మౌంటెన్ బైకింగ్: నేలను బట్టి మెళకువ

తారు ఎరుగని దారుల్లో సైకిల్ తొక్కే క్రీడను మౌంటెన్ బైకింగ్ అంటారు. కొండవాలు, అడవిలోని కాలిబాట, రాతిపరుపు, ఇసుక, బురద, మంచు అన్నీ దానికి ఆటస్థలాలే. తెలుగువారికి ‘బైక్’ అనగానే మోటారు బండి గుర్తుకొస్తుంది కాబట్టి ఇక్కడి సైక్లిస్టులు క్లుప్తంగా ‘ఎంటీబీ’ అంటారు. వెడల్పాటి బుడిపెల టైర్లు, గట్టి ఫ్రేము, డిస్క్ బ్రేకులు, కుదుపు మింగే ఫోర్కు, నిటారు ఎక్కుళ్లకు సరిపడే తేలిక గేర్లు ఈ సైకిల్ ప్రత్యేకతలు. కొత్తగా కొనేవారు ఎక్కువగా వీటి గురించే మాట్లాడుకుంటారు. ఆరితేరినవారిని ఈ క్రీడలో వేరుగా నిలబెట్టేది మాత్రం చూపు. రాబోయే నేల పొడిదా తడిదా, వదులా గట్టిదా, రాయి నాటుకుని ఉందా దొర్లుతుందా అని పది పదిహేను మీటర్ల ముందే పోల్చుకోగలిగితే చేతులకూ కాళ్లకూ పని సగం తగ్గుతుంది.

పుట్టుక

ఈ క్రీడ ఇప్పటి రూపం తీసుకున్నది 1970ల్లో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మెరిన్ కౌంటీలో. టామల్‌పైస్ కొండ చుట్టుపక్కల కుర్రాళ్లు 1930, 40ల నాటి లావుపాటి టైర్ల ష్విన్ కంపెనీ సైకిళ్లను బాగుచేసుకుని మట్టిదారుల్లో కిందికి దూసుకొచ్చేవారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర మొదటి ‘రీప్యాక్’ పందెం జరిగింది. మూడు కిలోమీటర్లకు కాస్త పైబడిన దారిలో సుమారు 400 మీటర్ల దిగుడు. ఆ సైకిళ్లకు ఉన్నది పెడల్ వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకు. కొండ దిగేసరికి వెనక హబ్బు వేడెక్కి, లోపలి గ్రీజు కాలి పొగలు చిమ్మేది. మరోసారి దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరాలి. పందేనికి ఆ పేరు అలా వచ్చింది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ, టామ్ రిట్చీ ఆ బృందంలోని వారే. బ్రీజ్ 1977లో ఈ పనికోసమే కొత్త ఫ్రేములు తయారుచేయడం మొదలుపెట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ను ఫ్యాక్టరీలో పెద్ద సంఖ్యలో చేయించి అమ్మింది. 1990లో కొలరాడోలోని డురాంగోలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు చోటు దక్కింది. ఇరవై ఏళ్లలో ఊరి పిల్లల పందెం ఒలింపిక్ పతకం దాకా వెళ్లింది.

పట్టు అనే లెక్క

మెళకువలన్నిటికీ మూలం ఒక్కటే: టైరుకు నేల మీద దొరికే పట్టు. మనిషీ సైకిలూ కలిసి 90 కిలోల బరువు, టైర్లలో 25 పీఎస్‌ఐ గాలి అనుకుందాం. రెండు టైర్లూ కలిసి నేలను తాకే మేర దాదాపు 50 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక పేకముక్కంత. ఆపడం, మలుపు తిప్పడం, ముందుకు నెట్టడం అన్నీ ఆ పేకముక్క మీదనే జరగాలి. ఆ పట్టుకు ఒక హద్దు ఉంది. దానిలో ఎక్కువ భాగం బ్రేకుకే ఖర్చుపెడితే మలుపుకు మిగలదు. అందుకే వంపు రాకముందే, చక్రాలు తిన్నగా ఉండగానే వేగం తగ్గించి, వంపులో బ్రేకు వదిలేయమని నేర్పుతారు. దొర్లే చక్రానికి ఉన్న పట్టు బిగుసుకుపోయి జారే చక్రానికి ఉండదు. నునుపు బండ మీదైనా, గులక మీదైనా ఈ సూత్రం మారదు; పట్టు ఎంత దొరుకుతుందన్నదే మారుతుంది.

ముందు చక్రం జారితే మనిషి పడతాడు. వెనక చక్రం జారితే సైకిల్ తోక ఊపుతుందంతే, సర్దుకోవచ్చు. కాబట్టి సందేహంగా ఉన్న నేల మీద ముందు చక్రానికి కావలసినంత బరువు అందించడం, దాన్ని బిగబట్టకుండా దొర్లనివ్వడం మొదటి జాగ్రత్త. ముందు బ్రేకంటే భయపడి వెనకదానితోనే నెట్టుకొచ్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. బ్రేకు పడగానే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే శక్తి ఎక్కువగా ముందు చక్రానిదే. దాన్ని ఒక్కసారిగా నొక్కకుండా ఒకే వేలితో మెల్లగా బిగించడం సాధన చేయాలి. మన దేశంలో అమ్మే సైకిళ్లకు మామూలుగా కుడిచేతి లివరు ముందు బ్రేకుది, అమెరికాలో ఎడమచేతిది. పరాయిచోట అద్దె సైకిల్ ఎక్కేవారు ఈ ఒక్క సంగతి ముందుగా చూసుకోవాలి.

గాలి తక్కువగా ఉంటే టైరు నేల ఒంపులకు ఒదుగుతుంది, పట్టు పెరుగుతుంది. మరీ తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబు లేని టైర్లలో ఈ బెడద లేనందున 20 నుంచి 30 పీఎస్‌ఐ మధ్య నడుపుతారు, ముందు చక్రంలో కాస్త తక్కువగా. ఊళ్లో షాపువాడు బొటనవేలికి లొంగనంత గట్టిగా గాలి కొట్టి పంపిస్తే ఆ సైకిల్ గులక మీద గోళీలా గెంతుతుంది.

నిలబడే తీరు

ఎంటీబీ మీద దిగుళ్లలో సీటు కూర్చోవడానికి కాదు. రెండు పెడళ్లూ నేలకు సమాంతరంగా ఉంచి, వాటి మీద నిలబడాలి. మోకాళ్లు సడలించి, నడుము దగ్గర వంగి, మోచేతులు బయటికి వంచి, ఛాతీ కిందికి దించాలి. బరువంతా పాదాల్లో ఉండాలి, చేతులు హ్యాండిల్‌ను ఊరకే పట్టుకోవాలి. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష: వేళ్లు కాస్త వదిలి చూడండి. ముందుకు మొగ్గితే బరువు చేతుల మీద ఉన్నట్టు, వెనక్కి లాగినట్టుంటే మరీ వెనక్కి వెళ్లినట్టు. ఈ భంగిమ కుదిరితే రాళ్లు సైకిల్‌ను ఎంత ఎగరేసినా తల కదలకుండా ఉంటుంది. మోకాళ్లూ మోచేతులే అసలైన షాక్ అబ్జార్బర్లు.

నిలబడ్డప్పుడు సీటు అడ్డు రాకూడదు, తొక్కేటప్పుడు ఎత్తుగా ఉండాలి. ఈ చిక్కుకు జో బ్రీజే 1980ల్లో ఒక స్ప్రింగు ఉపాయం కనిపెట్టాడు. ఇప్పుడు హ్యాండిల్ మీద మీట నొక్కితే దిగి, మళ్లీ నొక్కితే లేచే ‘డ్రాపర్’ సీటుపోస్టులు వచ్చాయి. సైకిల్ మీద డబ్బు ఖర్చుపెట్టదలిస్తే ముందు దీనికే పెట్టడం మేలు.

ఎక్కుడు, దిగుడు, మలుపు

నిటారు ఎక్కుడులో రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి: వెనక్కి వాలితే ముందు చక్రం లేస్తుంది, ముందుకు వాలితే వెనక చక్రం పట్టు తప్పి ఖాళీగా తిరుగుతుంది. సీటు ముందు కొస మీదికి జరిగి, మోచేతులు కిందికి దించి, గడ్డం హ్యాండిల్ దగ్గరికి తెస్తే రెండూ సర్దుకుంటాయి. గేరు ఎక్కుడు మొదలవకముందే మార్చుకోవాలి. బరువు మీద ఉన్న చైనుకు గేరు మార్చితే అది తెగే ప్రమాదమూ ఉంది. వదులు మట్టి మీద లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం మీద బరువు పోయి జారుతుంది. కూర్చునే, ఒకే లయలో, కుదుపు లేకుండా తొక్కాలి.

దిగుడులో మడమలు కిందికి దించితే బ్రేకు వేసినప్పుడు పాదాలు పెడళ్ల మీది నుంచి జారవు. ‘వెనక్కి వెళ్లు, వెనక్కి వెళ్లు’ అని పాతరోజుల్లో అరిచి నేర్పేవారు. అతిగా వెనక్కి పోతే చేతులు నిగిడిపోతాయి, ముందు చక్రం తేలికై మాట వినదు. నడుము పెడళ్లకు సరిగ్గా పైన ఉంచుకుంటూ, వాలు పెరిగినకొద్దీ సైకిల్‌ను తన కింద ముందుకు పోనివ్వడమే నేటి పద్ధతి.

మలుపులో మనిషి కంటే సైకిల్ ఎక్కువ వాలాలి. చదును మలుపులో బయటి పాదం కిందికి దించి దాని మీద బరువు వేస్తే టైరు అంచు బుడిపెలు నేలను కరుస్తాయి. గట్టు కట్టిన మలుపులో ఆ అవసరం లేదు. అక్కడ పెడళ్లు సమంగానే ఉంచి సైకిల్‌తో కలిసి వాలిపోవచ్చు. రెండిట్లోనూ చూపు మలుపు చివర ఉండాలి. కళ్లు ఏ చెట్టును చూస్తే సైకిల్ ఆ చెట్టుకే పోతుందన్నది అనుభవజ్ఞులందరి మాట.

మెట్టులా విరిగిన చోటు ఎదురైతే ముందు చక్రం దొర్లిస్తూ దిగవచ్చా, లేక రెండు చక్రాలూ గాలిలో ఉండేలా సైకిల్‌ను ముందుకు తోసి దూకాలా అనేది ముందే తేల్చుకోవాలి. 2021 జులైలో టోక్యో ఒలింపిక్స్ పోటీ జపాన్‌లోని ఇజులో జరిగింది. డచ్ రైడర్ మాతియూ వాన్ డెర్ పూల్ ఒక పెద్ద బండ అంచున, సాధన రోజుల్లో అక్కడ ఉన్న వాలుపలక ఇంకా ఉందనుకుని చక్రాన్ని దొర్లించాడు. పోటీకి ఆ పలక తీసేశారు. ముందు చక్రం శూన్యంలోకి జారి అతడు హ్యాండిల్ మీదుగా ఎగిరి పడ్డాడు. ఆ రోజు గెలిచింది బ్రిటన్‌కు చెందిన టామ్ పిడ్‌కాక్. ప్రపంచంలోని మేటి రైడర్లలో ఒకడికే అలా జరిగిందంటే కొత్తవారు అంచు దగ్గర దిగి, నడిచి, కిందికి చూసి వచ్చాక తొక్కడంలో చిన్నతనం ఏమీ లేదు.

గట్టి నేల మీద గులక

దక్కన్ పీఠభూమిలో ఎక్కువగా తగిలేది ఇదే. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయి చివికి రాలిన గరుసు, చెలక నేలల మొరం గట్టి అడుగు మీద పలచగా పరుచుకుని ఉంటాయి. చూడటానికి మంచి బాటలా కనిపిస్తుంది. టైరు కింద మాత్రం పూసల మీద నడిచినట్టే. ఇక్కడ ఒక్కసారిగా చేసే పని ఏదైనా పడదోస్తుంది. ఇతరుల చక్రాలు ఊడ్చిన నున్నటి జాడ వెతుక్కుని, సైకిల్‌ను మరీ వాల్చకుండా, బ్రేకు ముందుగానే కొద్దికొద్దిగా వేయాలి. వెనక చక్రం అటూ ఇటూ ఊగితే కంగారుపడి బ్రేకు నొక్కకూడదు.

ఈ నేలకు తోడు ముళ్లు. తుమ్మముల్లు కనిపిస్తుంది కానీ పల్లేరుకాయ మట్టిలో కలిసిపోతుంది. విశేషమేమిటంటే ఇదే పల్లేరు అమెరికా పశ్చిమ రాష్ట్రాలకు వలసపోయి అక్కడి సైక్లిస్టులకూ పెద్ద శత్రువైంది. మేకతల అనే పేరుతో దాన్ని తిట్టుకుంటారు. ట్యూబు లేని టైర్లలో పోసే రబ్బరుపాల ద్రవం ఇలాంటి సన్న చిల్లులను తొక్కుతుండగానే మూసేస్తుంది.

బండలు, రాళ్లు

పరుపుబండ పొడిగా ఉంటే అంతకు మించిన పట్టు ఏ నేలా ఇవ్వదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయాబ్ ఊరి దగ్గరి ఇసుకరాతి దారి ఈ క్రీడకు పుణ్యక్షేత్రం లాంటిది. 1969లో మోటారు సైకిళ్ల కోసం గుర్తులు వేసిన ఆ దారి పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. దాని పేరే ‘స్లిక్‌రాక్’, జారుడుబండ. గుర్రాల ఇనుప నాడాలు, బండ్ల ఇనుప పట్టీలు దాని మీద జారేవి కనుక తొలి వలసదారులు అలా పిలిచారు. రబ్బరు టైరు మాత్రం అదే బండకు అతుక్కుపోతుంది. మామూలు మట్టి మీద ఊహించలేనంత నిటారు ఎక్కుడును అక్కడ కూర్చుని తొక్కి ఎక్కేస్తారు. మన గ్రానైట్ బండలూ ఎండాకాలంలో ఇలాగే ఆదరిస్తాయి. తొలకరి తర్వాత పాకుడు పట్టిందంటే అదే బండ సబ్బుబిళ్ల. ఆకుపచ్చగా, నల్లగా నిగనిగలాడే చారల మీద బ్రేకూ వేయకూడదు, హ్యాండిలూ తిప్పకూడదు.

విడి రాళ్లు గుట్టగా పడి ఉన్న చోట నెమ్మదితనం చేటు. వేగం చాలకపోతే చక్రం రెండు రాళ్ల సందులో ఇరుక్కుని ఆగిపోతుంది. కాస్త ఊపుతో ప్రవేశించి, ముందు చక్రం తేలిగ్గా ఉంచి, సైకిల్‌ను తన కింద ఎగరనిచ్చి, మధ్యలో తొక్కడం ఆపకుండా దాటాలి. పెడల్ రాయికి కొట్టుకునే చోట పూర్తి చుట్టు తిప్పకుండా పావు చుట్టు ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

వేళ్లు, ఇసుక, మంచు

కెనడాలో వాంకూవర్ ఉత్తరపు కొండలు తడి అడవులకు, చెక్క వంతెనలకు పేరుపడ్డాయి. అక్కడ ఈ క్రీడలో రాటుదేలినవారు చెప్పే మొదటి మాట తడిసిన చెట్టువేరు గురించే. వేరును అడ్డంగా, తొంభై డిగ్రీల కోణంలో దాటాలి. ఏటవాలుగా తగిలితే చక్రం వేరు వెంటే జారిపోతుంది. దాటే క్షణంలో బ్రేకు వదిలేయాలి.

ఏటి ఇసుకలో, చెరువు దుబ్బలో ముందు చక్రం కూరుకుపోవడమే సమస్య. ప్రవేశించే ముందే తేలిక గేరులోకి మారి, బరువు కొద్దిగా వెనక్కి జరిపి, ఆపకుండా తొక్కాలి. హ్యాండిల్‌ను గట్టిగా బిగిస్తే సైకిల్ అడ్డం తిరుగుతుంది. అది కాస్త అటూ ఇటూ ఈదుతుంటే ఈదనివ్వాలి. మంచుకూ ఇదే వర్తిస్తుంది. అలాస్కాలో మంచు పందేల కోసం పుట్టిన, దాదాపు నాలుగంగుళాల వెడల్పు టైర్ల సైకిళ్లను 10 పీఎస్‌ఐ కంటే తక్కువ గాలితో నడుపుతారు. ఇప్పుడు ‘ఫ్యాట్ బైక్’ పేరుతో అవి సముద్రతీరాల్లోనూ కనిపిస్తున్నాయి.

బురద

బురదల్లో రెండు జాతులున్నాయి. ఒకటి పలచని, నీళ్ల బురద. అడుగున గట్టి నేల ఉంటుంది. సన్నని, పొడవాటి బుడిపెల టైరు బురదను కోసుకుని అడుగున పట్టు దొరకబుచ్చుకుంటుంది. వెడల్పు టైరు పైన తేలి జారుతుంది. ఇలాంటి బురదలో మనిషి ఏం చేయగలడో 2011 ప్రపంచ పోటీల్లో, కొండ దిగే పందెంలో తేలింది. అది జరిగిన స్విట్జర్లాండ్‌లోని షాంపెరీ దారి నిటారుదనానికి పేరుమోసింది. ఆ రోజు వర్షం దాన్ని కాలువలా మార్చింది. ఇంగ్లండ్‌కు చెందిన 19 ఏళ్ల డానీ హార్ట్ రెండు చక్రాలూ జారుతుండగానే, జారుడును ఆపే ప్రయత్నం చేయకుండా దానిలోనే దారి వెతుక్కుంటూ దిగాడు. పక్కకు పోతున్న సైకిల్‌కు బ్రేకు వేయలేదు. కాలు పెడల్ నుంచి తీసి నేలకు ఆనించి, చూపు మాత్రం దారి మీద నిలిపి, మళ్లీ పెడల్ అందుకున్నాడు. సెకనులో వందో వంతుతో గెలుపోటములు తేలే ఈ ఆటలో అతడు 11 సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. చివరి ఎగురుడులో సైకిల్‌ను గాలిలో పక్కకు వాల్చి మరీ వచ్చాడు. తడినేల మెళకువ నేర్చుకోదలచినవారు ఆ పరుగు వీడియోను నెమ్మదిగా, పదిసార్లు చూడాలి.

రెండోది జిగట బురద. కర్నూలు, పల్నాడు, ఆదిలాబాద్ నల్లరేగడి గురించి ఇక్కడి రైతుకు చెప్పనక్కర్లేదు. అందులోని మాంట్‌మోరిల్లనైట్ అనే బంకమట్టి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. తడి రేగడిలో పది చుట్లు తిరిగేసరికి టైరు రెండింతలవుతుంది. మట్టి ఫోర్కులో, చైను కింద కూరుకుని చక్రం కదలదు. బలవంతంగా తొక్కితే గేరు మార్చే డిరైలర్ వంగుతుంది, లేదా చైను తెగుతుంది. దీనికి మెళకువ లేదు. సైకిల్ భుజాన వేసుకుని నడవడమే. ఎండాక అదే నేలలో ట్రాక్టర్ల గాడులు ఇటుకల్లా బిగుసుకుంటాయి. గాడిలో పడితే దాని గోడ ఎక్కాలని చూడకూడదు. గాడి చివర చూస్తూ తిన్నగా పోయి, లోతు తగ్గిన చోట బయటపడాలి.

భారతదేశంలో, తెలుగునాట

హిమాచల్ ప్రదేశ్‌లో 2005లో మొదలైన ‘ఎంటీబీ హిమాలయా’ పందెం దేశంలో ఈ క్రీడకు గుర్తింపు తెచ్చింది. 2023 అక్టోబరులో కేరళలోని పొన్ముడిలో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగింది. తెలుగు రాష్ట్రాల్లో వికారాబాద్ అనంతగిరి కొండలు హైదరాబాద్ సైక్లిస్టులకు దగ్గరి బడి. మనకు ప్రత్యేకంగా చెక్కిన దారులు తక్కువే అయినా పుంతలు, డొంకలు, బండిబాటలు, చెరువుకట్టలు కావలసినన్ని ఉన్నాయి. ఒక్క మండలంలోనే చెలక, దుబ్బ, రేగడి, పరుపుబండ నాలుగూ తగలవచ్చు. ఇన్ని రకాల నేలకు ఇన్ని పేర్లు పెట్టుకున్న భాష మనది. నేర్చుకునేవారు ఆ పేర్లతోనే నేలను పోల్చుకోవడం మొదలుపెడితే పని తేలికవుతుంది.

దారి హక్కు అందరిదీ అన్న నియమం ఈ క్రీడతోపాటే పెరిగింది. 1980ల్లో కాలిఫోర్నియా కొండల్లో సైకిళ్లను నిషేధించడం మొదలయ్యాక, 1988లో అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం ఏర్పడి రైడర్లకు నడవడిక నియమాలు రూపొందించింది. నడిచేవారికీ పశువులకూ దారి వదలాలి, దారి తప్ప పక్కకు తొక్కకూడదు, వెనక చక్రం బిగించి నేలను గీయకూడదు. నల్లమల పులుల అభయారణ్యం లాంటి చోట్లకు అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం, వాటి వాలుల మీదికి సైకిల్ ఎక్కించవద్దు. తడినేల మీద పడ్డ ఒక్క టైరు గాడి తర్వాతి వానకు కాలువవుతుంది, ఆ కాలువ దారినే కోసేస్తుంది. పొలం గట్టు తెగితే నష్టపోయేది ఆ దారిని మనకు వదిలిన రైతే. వాన వెలిసిన మర్నాడు రేగడి పుంతలోకి సైకిల్ దించకండి. రెండెండలు కాయనిచ్చి వెళ్లండి.